బరువు తగ్గే దారి, నాలుగో పాఠం: ఎక్కువ తిన్న మర్నాడు

ఈ పాఠం నిజానికి పళ్లెంలో ఏది ఎంత ఉండాలన్న దాని మీద రావాలి. దాన్ని వచ్చేసారికి జరిపాను. మూడో పాఠంలో రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాసిపెట్టుకోమన్నాను కదా, ఆ ఒక్క పని చాలామందిని కిందామీదా చేసింది. వచ్చిన ఉత్తరాల్లో కథ దాదాపు ఒకటే. నాలుగైదు రోజులు అంకె తగ్గుతూ వచ్చింది. ఒక రాత్రి విందులో గట్టిగా తిన్నారు. తెల్లారేసరికి కిలో, కిలోన్నర పెరిగింది. "ఇన్నాళ్ల కష్టం ఒక్క రాత్రిలో పోయింది" అని ఒకరు, "నా శరీరతత్వమే ఇంత" అని ఇంకొకరు. తర్వాత అందరూ చేసిన పని కూడా ఒకటే: ఆ రోజంతా తిండి మానేశారు.

మానేయడం సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ అంకెను తేల్చుకుందాం.

ఒంట్లో ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే మన ఖర్చుకి పైన సుమారు 7,700 కెలోరీలు తినాలి. విందులో మీరు మామూలు కంటే 800 కెలోరీలు ఎక్కువ తిన్నారనుకోండి. అదేం చిన్న మొత్తం కాదు, చాలామందికి ఒక పూట భోజనమంత. అందులో ప్రతి కెలోరీ కొవ్వుగానే మారిందనుకున్నా వచ్చేది నూరు గ్రాముల చిల్లర. మరి మెషీన్ చూపించిన కిలో, కిలోన్నర ఎక్కణ్ణించి వచ్చింది? ఎక్కువ భాగం నీళ్లు. పిండిపదార్థాలు తిన్నప్పుడు శరీరం వాటిలో కొంత గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు కూడా అక్కడ చేరతాయి. అంటే 150 గ్రాములు దాచుకుంటే నీళ్లతో కలిపి 600 గ్రాములు. విందు తిండిలో ఉప్పు కూడా ఎక్కువే ఉంటుంది, అది ఇంకాస్త నీటిని పట్టి ఉంచుతుంది. పైగా రాత్రి పొద్దుపోయి తిన్నది పొద్దున్నకి ఇంకా పేగుల్లోనే ఉంటుంది. దాని బరువు దానికి ఉంటుంది కదా.

ఈ లెక్క రెండో వైపు కూడా పనిచేస్తుంది. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గానని సంతోషంగా రాసినవాళ్లు కూడా ఉన్నారు. అందులోనూ నీళ్ల వాటా పెద్దదే. పెరిగిన అంకెకు బెంగపడొద్దు అంటున్నవాణ్ణి, తగ్గిన అంకెకు పొంగిపోవద్దని కూడా అనాలి. నిలిచే తగ్గుదల సాధారణంగా వారానికి అర కిలో నుంచి కిలో లోపు ఉంటుంది. అంతకంటే నెమ్మదిగా తగ్గినా నాకు అభ్యంతరం లేదు.

కాబట్టి రోజు అంకెను రోజు అంకెతో పోల్చకండి. వారాన్ని వారంతో పోల్చండి. చాలామంది ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగిస్తారు. నాకు ఇంకో పద్ధతి ఇష్టం, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. ఏడింటినీ చిన్నది నుంచి పెద్దదాకా వరసగా రాసి, నడుమనున్న నాలుగోదాన్ని తీసుకోండి. ఒకరు పంపిన వారం ఇది: 78.4, 78.1, 79.5, 79.2, 78.6, 78.2, 78.0. మూడో రోజు చూడండి, ఆ ముందు రాత్రే విందు. ఒక్కరోజులో కిలో నాలుగు వందలు పెరిగింది. ఇప్పుడు వరసలో పెడితే 78.0, 78.1, 78.2, 78.4, 78.6, 79.2, 79.5. నాలుగోది 78.4. అంతకు ముందు వారం నడిమి అంకె 78.9. అంటే విందు తిన్న వారంలో కూడా ఈయన అర కిలో తగ్గారు. ఉత్తరంలో మాత్రం "అంతా పాడైపోయింది" అని రాశారు. నెలసరి వచ్చే ఆడవాళ్లకి ఆ రోజుల చుట్టుపక్కల నీళ్లు చేరి బరువు పెరగడం మామూలే. వాళ్లు ఈ వారాన్ని పోయిన నెల ఇదే వారంతో పోల్చుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

అంకె సంగతి అయిపోయింది. ఇప్పుడు నాకు నిజంగా కష్టం కలిగించిన విషయం. మర్నాడు మానేసిన తిండి.

దాన్ని చాలామంది పరిహారంలా చూస్తున్నారు. రాత్రి తప్పు చేశాం, పగలు శిక్ష అనుభవించాలి. "లంఖణం పరమౌషధం అంటారు కదా" అని ఒకరు అడిగారు. ఒంట్లో బాగాలేనప్పుడు తేలిగ్గా ఉండమని చెప్పిన మాట అది. ఎక్కువ తిన్నందుకు వేసుకునే జుర్మానా కాదు. ఈ శిక్షలో ఏం జరుగుతుందో ఒక ఉత్తరం ఉన్నదున్నట్టు చెప్పింది. పొద్దున కాఫీ. మధ్యాహ్నం ఏమీ లేదు, అయినా హాయిగానే ఉంది, "ఇది నాకు చాతనవుతోంది" అన్న గర్వం కూడా. సాయంత్రం ఐదుకి తలనొప్పి, ఇంట్లోవాళ్ల మీద చిరాకు. రాత్రి పదిగంటలకు వంటింట్లో దీపం కూడా వేయకుండా నిలబడి బిస్కెట్ల ప్యాకెట్ ఖాళీ. మర్నాడు పొద్దున మళ్లీ ఉపవాసం.

ఇందులో ఆ మనిషి మనోబలం తక్కువైంది ఎక్కడా లేదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి 24 వారాల పాటు అవసరానికి బాగా తక్కువ తిండి పెట్టి గమనించాడు. వాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు, మనోబలంలో ఎవరికీ తీసిపోనివాళ్లు. కొన్నాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా అయ్యారు. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నవాళ్లున్నారు, పళ్లెం నాకినవాళ్లున్నారు. ఆంక్షలు ఎత్తేశాక ఎంత తిన్నా తనివి తీరలేదని కొందరు చెప్పారు. ఒక్కరోజు మానేయడం, ఆరు నెలల అర్ధాకలి ఒకటి కావు, నిజమే. కానీ ఆకలిగా ఉన్న శరీరం మనసుని ఎటు లాగుతుందో మాత్రం అక్కడ స్పష్టంగా కనిపించింది.

రెండో సగం మనసుది. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొంతమందికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, తర్వాత రుచి చెప్పమనే నెపంతో ఐస్‌క్రీం ముందు పెట్టారు. తిండి మీద ఆంక్షలేవీ పెట్టుకోనివాళ్లు, కడుపు నిండింది కాబట్టి, ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. ఎప్పుడూ డైటింగ్‌లో ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక, తాగనప్పటి కంటే ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇక ఎంత తింటే ఏం? నిండా మునిగినవాడికి చలేమిటి అన్న ఈ ఆలోచనే విందు రాత్రి మూడో వడ్డన వేయిస్తుంది, బిస్కెట్ల ప్యాకెట్ ఖాళీ చేయిస్తుంది, "సోమవారం నుంచి కొత్తగా మొదలుపెడతాను" అనిపిస్తుంది. నియమం ఎంత బిగుతుగా ఉంటే ఈ ఆలోచన అంత తేలిగ్గా వస్తుంది.

మీరు మునగలేదు. ఒక పూట ఎక్కువ తిన్నారు, అంతే. రోజుకి మూడు చొప్పున వారానికి 21 భోజనాలు ఉంటాయి. అందులో ఒకటి పెద్దదైతే మిగిలిన ఇరవై మామూలుగా ఉన్నాయా లేదా అన్నదే ప్రశ్న. కొత్త అలవాట్లు ఎలా కుదురుకుంటాయో లండన్‌లో ఒక పరిశోధక బృందం పరిశీలించి 2010లో ప్రచురించింది. అలవాటు తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 దాకా. నాకు అందులో బాగా నచ్చింది వేరే సంగతి: మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన కుదురుకోవడం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు.

అందుకని ఎక్కువ తిన్న మర్నాడు చేయాల్సింది ఇంతే: మామూలుగా ఉండడం. తర్వాతి భోజనం దాని వేళకే, దాని మోతాదులోనే. ఆకలి నిజంగా తక్కువగా ఉంటే కాస్త తక్కువ పెట్టుకోండి, కానీ మానేయకండి. కూరగాయలు, ఏదో ఒక ప్రోటీన్ తప్పకుండా ఉండాలి. తీపి పానీయాల గురించి మళ్లీ చెప్పను, రెండో పాఠంలో అయిపోయింది. రెట్టింపు వ్యాయామంతో "కరిగించే" ప్రయత్నం వద్దు. అదీ శిక్షే, పేరు వేరు. రాత్రి నిద్ర మాత్రం తగ్గించొద్దు. 2004లో షికాగోలో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న యువకుల్లో, పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే, ఆకలి పెంచే గ్రెలిన్ హార్మోన్ 28 శాతం ఎక్కువగా, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తక్కువగా ఉన్నాయి.

ఈసారి అభ్యాసం కష్టమే, ముందే చెబుతున్నాను. గర్భిణులు, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు, తిండికి సంబంధించిన మానసిక సమస్యతో ఇంతకు ముందు బాధపడ్డవాళ్లు దీన్ని చేయొద్దు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే చేయండి.

రాబోయే రెండు వారాల్లో ఒక రోజు ముందే ఎంచుకుని, మీరు "ముట్టుకుంటే ఆగలేను" అనుకునే పదార్థాన్ని కావాలని తినండి. ప్యాకెట్‌లోంచి కాదు, గిన్నెలో పెట్టుకుని, కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి. తిన్నాక మనసులో వచ్చిన మొదటి వాక్యం రాసుకోండి. మర్నాడు పొద్దున బరువు చూడండి, అంకె ఎంతున్నా రాయండి. ఆ రోజు మూడు భోజనాలూ వేళకి తినండి. అసలు పరీక్ష ఇదే. అంకె పెరిగి ఉన్నప్పుడు మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చోవడానికి చాలామందికి భయం వేస్తుంది. భయం వేసినా తినండి. నాలుగో రోజు పొద్దున అంకె ఎక్కడుందో కూడా రాసి, రాసినవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

నడుము చుట్టుకొలత ఈ రెండు వారాలకీ ఒక్కసారే, చివరి రోజు పొద్దున. టేపు బొడ్డు దగ్గర ఉంచి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవండి. పొట్ట లోపలికి లాక్కోకండి.