కృష్ణబిలాల జెట్లు, పాఠం 3: గ్రాఫు చూసి జెట్ స్థితి చెప్పడం

ఎక్స్‌రేలు కృష్ణబిలంలోకి పడుతున్న పదార్థం గురించి చెబుతాయి, రేడియో తరంగాలు జెట్ గురించి, అంటే బిలం దగ్గర్నుంచి బయటికి దూసుకొచ్చే సన్నటి ధార గురించి. ఈ పాఠంలో రెంటినీ కలిపి చదువుదాం. నమూనాగా 2018 మార్చిలో వెలిగిన మాక్సీ జె1820+070 అనే కృష్ణబిలాన్ని తీసుకుందాం. ఇది సుమారు 10 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

ఆ పేరులోని మాక్సీ, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న జపాన్ ఎక్స్‌రే పరికరం. దాని సైటులో రోజువారీ సగటు ఫైలు ఉచితంగా దొరుకుతుంది. మొదటి కాలమ్ తేదీ. తర్వాత ఒక్కో శక్తి పట్టీలో (ఎక్స్‌రేల శక్తి పరిధిలో) ప్రకాశం, దాని పక్కనే దాని దోషం, అంటే కొలతలో అనిశ్చితి. 4–10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల విలువను 2–4 విలువతో భాగించండి. వచ్చిందే హార్డ్‌నెస్, అది అడ్డం అక్షం. 2–20 మొత్తం ప్రకాశాన్ని లాగ్ స్కేలులో నిలువు అక్షం మీద పెట్టండి. 2–4 విలువ దాని దోషానికి మూడు రెట్లయినా లేని రోజుల్ని తీసేయండి. హారం సున్నాకి దగ్గరైతే హార్డ్‌నెస్ అర్థంలేకుండా ఎగిరిపోతుంది. పాయింట్లను తేదీల వరుసలో గీతతో కలపడం తప్పనిసరి, లేకపోతే దారి కనబడదు.

జులై మొదటి వారం దాకా పాయింట్లు కుడివైపే ఉంటాయి. ఇది హార్డ్ స్టేట్: బిలం దగ్గర వంద కోట్ల డిగ్రీల స్థాయిలో వేడెక్కిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు), దానితోపాటు నిలకడైన జెట్. తర్వాత దారి ఎడమకు తిరుగుతుంది. 2018 జులై 7న రేడియోలో పెద్ద మెరుపు వచ్చింది. కాంతి వేగానికి చేరువైన వేగంతో ప్లాస్మా ముద్దలు బయటికి దూసుకుపోయాయి. ఎడమవైపు సాఫ్ట్ స్టేట్. బిలం చుట్టూ తిరుగుతూ లోపలికి పడే పదార్థపు పలుచటి డిస్కు లోపలిదాకా వస్తుంది, నిలకడైన జెట్ రేడియో వంద రెట్లకు పైగా పడిపోగలదు. సెప్టెంబరు చివర్లో దారి మళ్లీ కుడికి వచ్చింది, కానీ జులైలో దాటిన ప్రకాశం కంటే బాగా కింద. అందుకే ప్రకాశం ఒక్కటే చూసి జెట్ ఉందో లేదో తేల్చకండి.

ఎక్కువమంది పొరబడేది సాఫ్ట్ స్టేట్‌లో. రేడియో కనబడగానే జెట్ నడుస్తోందనుకుంటారు. అది జులైలో విసిరిన ముద్దల వెలుగు కావచ్చు. తేల్చడానికి రెండు పౌనఃపున్యాలు చాలు. 5 గిగాహెర్ట్జ్‌లో 10, 9 గిగాహెర్ట్జ్‌లో 7 మిల్లీజాన్‌స్కీలు (రేడియో ప్రకాశానికి కొలమానం) వచ్చాయనుకోండి. ప్రకాశాల నిష్పత్తి 0.7, దాని లాగ్ −0.155, పౌనఃపున్యాల నిష్పత్తి 1.8, దాని లాగ్ 0.255. మొదటి లాగ్‌ను రెండో లాగ్‌తో భాగిస్తే −0.6, ఇదే వాలు. సున్నా దగ్గరుంటే నిలకడైన జెట్, −0.6, −0.7 అయితే విడిపోయిన ముద్దలు. రెండు కొలతలూ ఒకే సమయంలో తీసినవై ఉండాలి. మెరుపు గంటల్లోనే మారిపోతుంది కాబట్టి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తీసుకుంటే వాలు తప్పుగా వస్తుంది.

అభ్యాసం: జీఎక్స్ 339−4 అనే మరో కృష్ణబిలం ఫైలు మాక్సీ సైటు నుంచి తెచ్చుకుని, 2010, 2021 విస్ఫోటాలను (అది ఇలా వెలిగిన సందర్భాలను) రెండు రంగుల్లో గీయండి. ఎడమకు దాటిన ఎత్తునూ కుడికి తిరిగొచ్చిన ఎత్తునూ రెంటిలోనూ కొలిచి రాసుకోండి. నాలుగో పాఠంలో వాటితోనే పని.