అద్దె భారమైతే ఇల్లు ఎలా నెట్టుకురావాలి?

"వచ్చే నెల నుంచి పదహారు వేలు ఇవ్వాలమ్మా. ఈ లైన్లో అందరూ అంతే తీసుకుంటున్నారు."

కూకట్‌పల్లిలో మేమున్న ఇంటి ఓనర్ ఆంటీ ఒక నవంబర్ సాయంత్రం గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పి వెళ్లారు. అప్పటికి మా అద్దె 13,000. మా ఆయన జీతం, నా కుట్టుమిషన్ మీద వచ్చేది కలిపితే 44,000. ఇద్దరు పిల్లలు. కంగారులో ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, పాల ప్యాకెట్లు మూడు నుంచి రెండుకు తగ్గించడం. దాంతో నెలకు తొమ్మిది వందల దాకా మిగిలింది. మాకు కావాల్సింది మూడు వేలు. చిన్నవాడు మాత్రం రాత్రిపూట పాలు అడిగి అడిగి పడుకునేవాడు.

అద్దె పెరిగినప్పుడు ముందు అద్దె సంగతే తేల్చుకోవాలి. పిల్లల పాలు, గుడ్లు, కూరగాయల జోలికి అన్నిటికన్నా చివర వెళ్లాలి. మేము తలకిందులుగా చేసి నేర్చుకున్న వరుసను ఇక్కడ సరిచేసి రాస్తున్నాను.

1. మూడు నెలల ఖర్చు కాగితం మీద పెట్టండి

గుర్తున్నది రాస్తే సరిపోదు. ఫోన్‌పే, గూగుల్ పేలో హిస్టరీ తెరిచి మూడు నెలలు వెనక్కి వెళ్లి రాయండి. ఇరవై, ముప్పై రూపాయల టీలు, ఆటోలు, పిల్లల చిరుతిళ్లు అన్నీ అక్కడ దొరుకుతాయి. తర్వాత నోట్‌బుక్ పేజీలో మూడు గళ్లు గీయండి. మొదటి దాంట్లో ఆగనివి: అద్దె, బియ్యం, పాలు, కరెంటు, మందులు. రెండో దాంట్లో తగ్గించగలిగినవి. మూడో దాంట్లో ఏడాదికోసారి వచ్చేవి.

ఇళ్లు కుదేలయ్యేది ఆ మూడో గడి దగ్గరే. జూన్‌లో స్కూలు పుస్తకాలు, బండి ఇన్సూరెన్స్, సంక్రాంతికి ఊరి ప్రయాణం, శ్రావణమాసంలో పెళ్లిళ్లు, చదివింపులు. మావి అన్నీ కూడితే 36,000 వచ్చింది. పన్నెండుతో భాగిస్తే నెలకు 3,000. అంతవరకు నెలాఖరున మిగిలినట్టు కనిపించిన డబ్బు అసలు మిగులే కాదని ఆ రోజు తెలిసింది.

2. ఒకటో తారీఖు రాకముందే ఓనర్‌తో మాట్లాడండి

చాలామంది ఈ పని చేయడానికి జంకుతారు. మొహమాటం, "ఖాళీ చేయమంటారేమో" అన్న టెన్షన్. కానీ ఓనర్ వైపు లెక్క కూడా చూడండి. మేము ఖాళీ చేసి ఇల్లు ఒక్క నెల అలాగే ఉండిపోతే ఆంటీకి 16,000 పోతుంది. పెంచమన్న 3,000 చొప్పున అయిదు నెలలకు పైగా వసూలైతే గానీ ఆ గుంట పూడదు. టైముకు అద్దె ఇచ్చే మనిషి విలువ వాళ్లకూ తెలుసు.

ఫోన్లో వద్దు, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. కష్టాలు ఏకరువు పెట్టడం కన్నా మీరు ఎంత ఇవ్వగలరో చెప్పడం ముఖ్యం. నేను అన్నది ఇది: "ఆంటీ, మూడేళ్లలో ఒక్కసారి కూడా అయిదో తారీఖు దాటనివ్వలేదు. ఒక్కసారే మూడు వేలంటే మా వల్ల కాదు. పిల్లల పరీక్షలయ్యే దాకా పద్నాలుగున్నర ఇస్తాం. ఆ తర్వాత మీరన్నది ఇవ్వగలిగితే ఉంటాం, లేకపోతే నెల ముందే చెప్పి ఖాళీ చేస్తాం." కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఏప్రిల్ దాకా 14,500, మే నుంచి 16,000.

ఒప్పుకున్న మాటను కాగితం మీద పెట్టించుకోండి. అద్దె అగ్రిమెంట్లు మామూలుగా 11 నెలలకే రాస్తారు. కొత్త అగ్రిమెంట్ రాసుకునే సమయమే బేరానికి అనువైనది.

3. అసలు అద్దె ఎంతో లెక్క కట్టండి

అద్దె ఒక్కటే చూసి ఇల్లు మారితే నష్టపోతారు. అద్దె, మెయింటెనెన్స్, పెట్రోలు, స్కూలు ఆటో నాలుగూ కలిపి చూడాలి. మా లెక్క అలాగే రాస్తున్నాను.

ఉన్న ఇల్లు: అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500, పెట్రోలు 1,200. మొత్తం 18,700.

బాచుపల్లి దాటాక చూసిన ఇల్లు: అద్దె 11,000, మెయింటెనెన్స్ 500, పెట్రోలు 3,000, స్కూలు ఆటో 2,500. మొత్తం 17,000.

పైకి అయిదు వేలు తక్కువనిపించిన ఇంట్లో నిజంగా కలిసొచ్చేది 1,700. సామాన్లకు బండి, కూలీలు 6,000. పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో పట్టుకునేది 13,000. ఆ 19,000 తిరిగి రావడానికే పదకొండు నెలలు దాటుతుంది. పైగా మా ఆయనకు రోజూ గంటన్నర ఎక్కువ ప్రయాణం.

చివరికి మా వెనక సందులోనే దొరికింది. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెయింటెనెన్స్ లేదు. అద్దె 12,500, పెట్రోలు 1,200, మొత్తం 13,700. నెలకు 5,000 మిగులు, నాలుగు నెలల్లోపే మారిన ఖర్చు వచ్చేసింది. ఇలాంటి వాటాలు యాప్‌లలో పెద్దగా కనిపించవు. సాయంత్రం పూట సందుల్లో నడుస్తూ టులెట్ బోర్డులు చూడాలి, కిరాణా కొట్టు వాళ్లను, ఇస్త్రీ బండి అతన్ని అడగాలి. బ్రోకర్ కమీషన్ కూడా తప్పుతుంది.

మార్చి, ఏప్రిల్‌లో వెతికితే ఇంకో లాభం ఉంది. ఎండాకాలంలో బోరు ఎండిపోతుందో లేదో కంటికే కనిపిస్తుంది. ట్యాంకర్ డబ్బులు ఎవరు కడతారో అప్పుడే అడగండి. హైదరాబాద్‌లో ఉచిత నీటి పథకం కింద ఉన్న ఇంటి నల్లా కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల దాకా నీళ్లు ఉచితం కాబట్టి, నీళ్ల చార్జీ అంటే అది దేనికో విడమరిచి చెప్పమనండి. కరెంటు మీటరు విడిగా ఉందా అన్నది ఇంకా ముఖ్యం. రేషన్ కార్డు ఉండి అర్హత ఉన్న కుటుంబానికి తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు. రెండు మూడు వాటాలు ఒకే మీటరు మీద ఉంటే ఆ 200 ఇట్టే దాటిపోతాయి.

4. మీకు రావాల్సినవి వదులుకోకండి

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. ఊళ్లో కార్డున్నా తెలంగాణలో ఎక్కడైనా తీసుకోవచ్చు. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ప్రయాణం ఉచితం; ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. కూరగాయలకు వారానికోసారి రైతుబజారు. స్కూలు ఫీజు ఒకేసారి కట్టలేకపోతే గడువు రాకముందే వెళ్లి వాయిదాలు అడగండి.

5. అద్దె డబ్బు వేరే చోట ఉంచండి

జీతం పడిన రోజే అద్దె, మూడో గడిలోని డబ్బు రెండో బ్యాంకు ఖాతాకు పంపేయండి. ఆ ఖాతాను యూపీఐకి కలపకండి. మిగిలిన దాన్ని నాలుగు వారాలకు పంచుకోండి. మూడో వారంలో చేతులు ఖాళీ అయితే ఏం జరిగిందో అప్పుడే తెలుస్తుంది, ఇరవై ఎనిమిదో తారీఖు దాకా ఆగక్కర్లేదు.

6. అద్దెకు అప్పు చేయాల్సి వస్తే

ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. నూటికి మూడు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదిగా ఉంటుంది, ఏడాదికి అది 36 శాతం. క్రెడిట్ కార్డు మీద బాకీ మిగిల్చినా దాదాపు అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లోన్ యాప్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. ఇప్పటికే ఇరుక్కుని, వాళ్లు వేధిస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో వాళ్లకు దాచకండి.

ఒక్క నెల మాత్రమే తేడా పడితే, అడ్వాన్స్‌లోంచి సర్దుకోమని, నాలుగు వాయిదాల్లో తిరిగి వేస్తామని ఓనర్‌ను అడగండి. అదీ కుదరకపోతే బ్యాంకులో బంగారం మీద తీసుకోవడం మేలు. ఏ నెలలో విడిపించుకుంటారో ఆ రోజే రాసుకోండి. వరుసగా రెండో నెల కూడా అద్దెకు అప్పు కావాల్సి వచ్చిందంటే ఆ ఇల్లు మీ జీతానికి సరిపోదు, వెంటనే వెతుకులాట మొదలుపెట్టండి.

7. ఖాళీ చేసే రోజు

సామాన్లు దించాక పగటి వెలుతురులో గోడలు, కుళాయిలు, స్విచ్చులు అన్నీ వీడియో తీయండి. మీటరు రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారో నెల ముందే తేల్చుకుని, తాళాలు చేతికిచ్చేటప్పుడే మిగతా అడ్వాన్స్ తీసుకోండి. కొత్త ఇంట్లో దిగిన వారంలోపు గ్యాస్ కనెక్షన్ అడ్రస్ మార్పించుకోండి.