నవంబరు గడువుకి అమెరికా కాలేజీ దరఖాస్తు: విజయనగరం ఇంటర్ పిల్లలకి

ముందస్తు దరఖాస్తుల పేర్లు ఒకేలా వినిపిస్తాయి గానీ కట్టుబాట్లు వేరు. ఎర్లీ డెసిషన్‌లో సీటిస్తే చేరి తీరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. విద్యార్థి, అమ్మానాన్నల్లో ఒకరు, కౌన్సెలర్ (చదివే చోట దరఖాస్తుల సంగతి చూసేవారు) సంతకాలు పెట్టే ఒప్పందం అది, అందుకే ఒక్క కాలేజీకే వేస్తారు. ఎర్లీ యాక్షన్‌లో జవాబు ముందే వస్తుంది, చేరడం మాత్రం మన ఇష్టం. సాధారణంగా మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది మధ్యరకం: చేరాలన్న బలవంతం లేదు, కానీ వేరే ప్రైవేటు కాలేజీలకి ముందస్తుగా వేయడం మీద ఆంక్షలుంటాయి. గడువు ఎక్కువగా నవంబరు 1 లేదా 15, ఫలితం డిసెంబరు మధ్యలో.

ముందు డబ్బు సంగతి తేల్చండి. ఎర్లీ డెసిషన్‌లో నాలుగు కాలేజీలిచ్చే ఆర్థిక సాయాన్ని పక్కపక్కన పెట్టి బేరీజు వేసే వీలుండదు. ఇచ్చింది చాలకపోతే బయటపడొచ్చు, కానీ అప్పటికి రెగ్యులర్ (మామూలు విడత) గడువులు నెత్తిమీద ఉంటాయి. పైగా విదేశీ విద్యార్థి సాయం అడిగాడన్న సంగతిని చాలా కాలేజీలు ఎంపికలో లెక్కేస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొన్నే లెక్కేయవు. అవసరముంటే మొదటే అడగండి, చేరాక అడిగితే చాలాచోట్ల ఇవ్వరు.

సాయం కోసం చాలా కాలేజీలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారంలో ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు నింపమంటాయి. జీతగాళ్లకి ఫారం 16, ఐటీ రిటర్నుతో పని తేలికవుతుంది. మామిడితోట మీదో జీడితోట మీదో బతికే ఇంటికే తలనొప్పి. తోట విలువ ఊళ్లో అనుకునే రేటుకి వేసి, ఆదాయం మీసేవ ధ్రువపత్రంలోని అంకెకి వేస్తారు. కోటి రూపాయల తోట, ఏడాదికి లక్ష ఆదాయం అని కనిపిస్తే అవతలివాళ్లకి అనుమానం రాదా? మూడేళ్ల దిగుబడి, ఖర్చు, అప్పు ఒక కాగితం మీద రాసి, భూమి పాస్‌బుక్‌కి ఇంగ్లీషు అనువాదంతో జతచేయండి.

చాలా అమెరికా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైటు కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. మీ జూనియర్ కాలేజీలో కాగితాల పని మాత్రం జూలైలోనే మొదలెట్టండి. తొమ్మిదో తరగతి మార్కులు పాత స్కూల్లో ఉంటాయి, పదో తరగతి మెమో, జూనియర్ ఇంటర్ మెమో మీ దగ్గరుంటాయి. సీనియర్ ఇంటర్‌కి అప్పటిదాకా రాసిన కాలేజీ పరీక్షల మార్కులు ప్రిన్సిపల్ లెటర్‌హెడ్ మీద ఇవ్వాలి. మన జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ అనేవారు ఉండరు కాబట్టి ఆ పాత్ర ప్రిన్సిపల్‌దో లెక్చరర్‌దో. వారికి కాలేజీ పేరుతో ఈమెయిల్ ఉంటే మేలు, కామన్ యాప్ వారికి పంపే లింకు స్పామ్‌లోకి పోయిందేమో పక్కన కూర్చుని చూపించండి. అక్టోబరులో చూద్దాంలే అనుకుంటే దసరా సెలవులు, ఆ వెనకే సిరిమానోత్సవం. ముద్ర వేసేవాళ్లు దొరకరు.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అన్నిచోట్లా రాయండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశాలకి రాసే పరీక్ష) స్కోరు ఒకచోట, దరఖాస్తు ఒకచోట పడి జత కుదరదు. నవంబరు 1 గడువుకి శాట్ ఆగస్టులోనే రాసేసి, అక్టోబరు పరీక్షని రెండో ప్రయత్నానికి ఉంచుకోండి.

కామన్ యాప్ గడువు సాధారణంగా మన స్థానిక సమయం రాత్రి 11:59కే. అమెరికాలో ఇంకా పగలే కదా అని ఆగొద్దు. కార్డుకి అంతర్జాతీయ చెల్లింపు తెరిచి ఉందో లేదో వారం ముందే బ్యాంకులో కనుక్కోండి.

'డిఫర్' (నిర్ణయం వాయిదా) అని వస్తే దరఖాస్తు రెగ్యులర్ విడతకి మారుతుంది, ఎర్లీ డెసిషన్ కట్టు తెగుతుంది. సీనియర్ ఇంటర్ కొత్త మార్కులు అప్పుడు పంపండి. తిరస్కరిస్తే అదే కాలేజీకి ఆ ఏడాది మళ్లీ వేయలేరు. అందుకని మిగతా కాలేజీల వ్యాసాలు డిసెంబరు ఫలితం కోసం ఆగకుండా నవంబరులోనే పూర్తిచేయండి. జనవరిలో జేఈఈ మెయిన్ కూడా రాసేవాళ్లకి ఆ తర్వాత ఊపిరి తీసుకునే తీరిక దొరకదు.