వృద్ధాశ్రమంలో డిమెన్షియా ఉన్న పెద్దలు కుర్చీకే పరిమితం కాకుండా చూడాలంటే

డిమెన్షియా (మతిమరుపు, అయోమయం పెరిగి రోజువారీ పనులు కష్టమయ్యే జబ్బు) ఉన్నా సొంతంగా నడుస్తూ ఆశ్రమంలో చేరిన మనిషి కొన్ని నెలలకే వీల్‌చైర్‌కు మారిపోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. ప్రతిసారీ జబ్బు ముదరడమే కారణం కాదు. భోజనాల హాలుకు నడిపించడానికి 10 నిమిషాలు పట్టేచోట వీల్‌చైర్ అయితే ఒక్క నిమిషంలో పనైపోతుంది. రోజూ అలా తోసుకెళ్తుంటే తొడ కండరాలు సన్నబడతాయి, ఆ తర్వాత ఆ మనిషిని లేపడానికి ఇద్దరు కావాలి. అందుకే వారానికి రెండుసార్లు పెట్టే వ్యాయామం క్లాసు కన్నా భోజనానికి, బాత్రూమ్‌కి, పూజకి రోజూ నడిపించడం ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో కూడా కనీసం 10 నిమిషాలు ఏకధాటిగా చేయాలన్న పాత షరతు లేదు. కాసేపు నడిచినా లెక్కే. డ్యూటీ చార్టులో ఈ నడకకు సమయం రాసి పెట్టండి.

ముందు బీపీ చూడండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిల్చున్నాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే నడిపించే ముందు డాక్టరుకు చెప్పాలి. డిమెన్షియాలో ఒక రకమైన లూయీ బాడీ డిమెన్షియాలో ఇలా బీపీ పడిపోవడం తరచుగా ఉంటుంది. నిద్రమాత్ర కొత్తగా మొదలైతే కొన్నాళ్లు పక్కనే ఉండి నడిపించండి. కళ్లజోడు, వినికిడి మిషన్ మర్చిపోవద్దు. హవాయి చెప్పులు వద్దు, మడమను పట్టి ఉంచే, జారని చెప్పులు వేయండి. చీర, పంచె అంచులు కాళ్లకు అడ్డం పడకుండా కాస్త పైకి కట్టండి.

లేపేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సోఫా వద్దు. చేతులున్న గట్టి కుర్చీ, సీటు సుమారు 45 సెం.మీ. ఎత్తులో ఉండాలి. వెనక నుంచి కాకుండా ఎదురుగా వచ్చి పలకరించండి. "అమ్మా, కాస్త ముందుకు జరగండి" అని చెప్పి ఆగండి. అది అయ్యాక "కాళ్లు వెనక్కి పెట్టండి", తర్వాత "కుర్చీ చేతులు పట్టుకోండి", "ముందుకు వంగండి", "లేవండి". ఒక మాటకు ఒకే పని. ప్రతి మాట తర్వాత 10 సెకన్లు ఆగాలి. ఆ లోపే అదే విషయాన్ని ఇంకోలా చెబితే వాళ్లకు అది కొత్త మాట, అర్థం చేసుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. మాట అందకపోతే మీరు చేసి చూపించండి. చంకల్లో చెయ్యి వేసి లాగితే భుజం దెబ్బతింటుంది, భయంతో వెనక్కి వాలిపోతారు కూడా. ప్రతి భోజనానికి ముందు 3 సార్లు లేచి కూర్చోవడం అలవాటు చేయండి.

"వ్యాయామం చేద్దాం రండి" అంటే చాలామంది రారు, పని ఉందంటే లేస్తారు. చేతులకు ఏళ్లుగా అలవాటైన పనులు, జ్ఞాపకాలు చెదిరాక కూడా చాలాకాలం నిలుస్తాయి. గోంగూర తుంచడం, బట్టలు మడతపెట్టడం నడుమెత్తు బల్ల దగ్గర నిలబడి చేసేలా సర్దండి, వెనక కుర్చీ ఉంచండి. దండెం భుజాల ఎత్తులో కడితే ఆరేసేటప్పుడు చేతులు పైకి లేస్తాయి. మొక్కలకు నీళ్లు పోయడానికి చెంబు సగమే నింపండి. టీచరుగా చేసినవారికి రిజిస్టరిచ్చి గదిగదికీ హాజరు వేయమంటే వరండా అంతా తిరిగొస్తారు. ఈ అలవాట్లేమిటో చేరిన రోజే ఇంటివాళ్లనడిగి రాసుకోవాలి.

గుమ్మం దగ్గర ఆగిపోతే మొండితనం అనుకోకండి. వాళ్లకు నల్ల కాళ్లపట్టా గొయ్యిలాగా, మెరిసే నేల తడిగా కనిపించవచ్చు. ఆ పట్టా తీసేయండి. చాలామందికి సాయంత్రం అయోమయం పెరుగుతుంది కాబట్టి కొత్త పనులు టిఫిన్ తర్వాత పెట్టుకోండి. సాయంత్రం అటూఇటూ తిరిగేవారిని కూర్చోబెట్టే బదులు వాళ్లతో కలిసి నడవండి.

రానంటే బలవంతం వద్దు, 15 నిమిషాలాగి మరొకరు పిలిచి చూడాలి. నిన్నటిదాకా నడిచినవారు ఉన్నట్టుండి నడవనంటే నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చూడాలి. నొప్పి ఉందని నోటితో చెప్పలేకపోవచ్చు, ముఖం ముడుచుకోవడం, తాకగానే చెయ్యి తోసేయడం గమనించండి. పడ్డాక కాలు మోపలేకపోతే డాక్టరు చూసేదాకా నిలబెట్టనే వద్దు. షిఫ్టు మారేటప్పుడు ఎక్కడిదాకా నడిచారో, ఎందుకు ఆగారో రెండు ముక్కలు రాసి ఇవ్వండి.