ర్యామ్ 3600కి ఎక్కనంటే లోపలి చిప్ ఎవరిదో చూశాను

నా డీడీఆర్4 ర్యామ్ జత 3200 వేగం దగ్గర బాగానే నడిచేది. 3600 పెట్టి టైమింగులు (ర్యామ్ ఒక్కో పనికి ఆగే క్లాక్ సైకిళ్లు, ఎంత తక్కువైతే అంత చురుకు) 16-16-16కి దించితే మాత్రం స్క్రీనే రాదు. వోల్టేజీ 1.35 నుంచి 1.45కి పెంచినా అదే తంతు.

ఓవర్‌క్లాకింగ్‌లో (అంటే రాసిన వేగాన్ని మించి నడపడంలో) పెట్టె మీది బ్రాండు కన్నా లోపలి చిప్ ముఖ్యం. థైఫూన్ బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌పీడీ (ర్యామ్ తన వివరాలు దాచుకునే చిన్న మెమరీ) చదివాను. చిప్ తయారీదారు పేరు వరకు నమ్మొచ్చు కానీ, డై రకం (చిప్ లోపలి సిలికాన్ ముక్క ఏ డిజైనో) చాలాసార్లు దాని ఊహే. అందుకే స్టిక్కర్ కూడా చూడాలి. కోర్సెయిర్ వాటిలో వెర్షన్ నంబర్ మొదటి అంకె 3 అయితే మైక్రాన్, 4 అయితే శామ్‌సంగ్, 5 అయితే హైనిక్స్. నాది 5తో మొదలైంది. హీట్‌సింక్ మాత్రం పీకొద్దు, జిగురుతో పాటు చిప్ కూడా ఊడొచ్చు.

అసలు గుట్టు టైమింగుల్లోని రెండో సంఖ్యలో, అంటే టీఆర్‌సీడీలో (మెమరీలో ఒక వరస తెరిచాక చదవడానికి ఆగే సమయం) ఉంది. శామ్‌సంగ్ బి-డైలో వోల్టేజీ పెంచితే అది దిగుతుంది. హైనిక్స్ సీజేఆర్, మైక్రాన్ ఇ-డై లాంటి డైలలో దాదాపు కదలదు. 3200 సీఎల్ (టైమింగుల్లో మొదటి సంఖ్య) 14-14-14 అని అమ్మే కిట్లు సాధారణంగా బి-డైయే, నాది 16-18-18.

సీఎల్ 16 అలాగే ఉంచి, మిగతా రెండూ 19 చేశాను. 1.4 వోల్ట్‌ల దగ్గర 3600 ఎక్కింది, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షలో ఒక్క ఎర్రర్ రాలేదు.