పాత వినోదం, కొత్త టీవీ: సమస్యలు – పరిష్కారాలు

తాము చిన్నప్పుడు చూసిన సినిమాలను, ఆడిన వీడియో గేములను పిల్లలకు చూపించాలని ముచ్చటపడే తల్లిదండ్రులు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. అటక మీద నుంచి దించిన యంత్రాన్ని హాల్లోని పెద్ద టీవీకి తగిలించగానే బొమ్మ రాకపోయినా, వచ్చిన బొమ్మ వికారంగా ఉన్నా, యంత్రం పాడైందని తేల్చి పాత సామాన్లవాడికి వేసేయడం పరిపాటి అయింది. నిజానికి చాలా సందర్భాల్లో ఆ యంత్రం తన పని తాను సక్రమంగానే చేస్తుంది. అది పంపే సంకేతాన్ని కొత్త టీవీ తన పద్ధతిలోకి మార్చుకునే చోటే చిక్కు వస్తుంది. కాబట్టి ముందు టీవీ సెట్టింగులను, తర్వాత మధ్యనున్న తీగలను, అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే యంత్రాన్ని అనుమానించాలి.

పాత సినిమాలో మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు

1957లో వచ్చిన ‘మాయాబజార్’ కాలం నాటి సినిమాల్లో బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి సుమారు 4:3 ఉంటుంది. నేటి టీవీల నిష్పత్తి 16:9. తెర మొత్తం నిండాలని టీవీ ఆ బొమ్మను అడ్డంగా సాగదీస్తే ప్రతి ముఖమూ ఉండవలసినదానికంటే మూడోవంతు వెడల్పవుతుంది. రిమోట్‌లో పిక్చర్ సైజు అనే చోటికి వెళ్లి 4:3ని గాని, ‘ఒరిజినల్’ అనేదాన్ని గాని ఎంచుకోవాలి. ‘జూమ్’ జోలికి పోకూడదు. అది తెరను నింపడానికి బొమ్మ ఎత్తులో నాలుగోవంతును పైనా కిందా కోసేస్తుంది, తలలు, కిరీటాలు పోతాయి. ఇరువైపులా మిగిలే నల్లటి పట్టీలు లోపం కాదని పిల్లలకు ముందే చెప్పడం మంచిది. శశిరేఖ ప్రియదర్శిని పేటిక తెరిచి అభిమన్యుణ్ని చూసే సన్నివేశం రాగానే నేటి పిల్లలు దాన్ని వీడియో కాల్‌గా గుర్తుపట్టి కేరింతలు కొడతారు. ఆ ఆనందం దక్కాలంటే బొమ్మ సరైన కొలతల్లో ఉండాలి.

సినిమా చూస్తుంటే టీవీ సీరియల్‌లా అనిపిస్తోంది

సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. కదలికలు నునుపుగా ఉండాలని కొత్త టీవీ ఆ ఫ్రేముల మధ్య తానే కొన్ని ఫ్రేములను ఊహించి చొప్పిస్తుంది. దానివల్ల గదాయుద్ధం కూడా స్టూడియోలో వీడియో కెమెరాతో తీసినట్టు పలచబడిపోతుంది. ఈ సౌకర్యాన్ని ఎల్జీ ట్రూమోషన్ అని, సోనీ మోషన్‌ఫ్లో అని పిలుస్తాయి. మిగతా కంపెనీల టీవీల్లోనూ ఇలాంటి పేరుతోనే పిక్చర్ సెట్టింగుల లోపలి పొరల్లో ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపివేయాలి. 2019 తర్వాత వచ్చిన టీవీల్లో కొన్నింటికి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఈ పనితోపాటు అనవసరమైన పదును, రంగుల అతి కూడా తగ్గుతాయి. క్రికెట్ చూసేటప్పుడు కావాలనుకుంటే మళ్లీ పెట్టుకోవచ్చు.

వీడియో గేమ్ పెడితే బొమ్మ రాదు, లేదా నలుపు తెలుపుల్లో వస్తుంది

నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రానికి నకళ్లుగా తయారైన యంత్రాలే 1990లలో మన ఊళ్లకు విరివిగా వచ్చాయి. క్యాసెట్ పెట్టి ఆడే ఆ యంత్రాలకు పసుపు, తెలుపు లేదా ఎరుపు పిన్నుల ఏవీ తీగ ఉంటుంది. ఇప్పటి టీవీల్లో పసుపు పిన్నుకు విడిగా రంధ్రం ఉండడం అరుదు. చాలావాటిలో ఆకుపచ్చ రంధ్రమే ఏవీకీ, బొమ్మను మూడు తీగల్లో విడగొట్టి పంపే ‘కాంపోనెంట్’ పద్ధతికీ పనికొస్తుంది. పసుపు పిన్నును అక్కడ పెట్టి, టీవీలో ‘కాంపోనెంట్’ ఇన్‌పుట్ ఎంచుకుంటే వెలుగునీడల సమాచారం మాత్రమే అందుతుంది, రంగులు అందవు. ఇన్‌పుట్‌ను ‘ఏవీ’కి మార్చగానే రంగులు రావాలి.

అప్పటికీ రాకపోతే రంగుల పద్ధతిని చూడాలి. మన దేశపు పాల్ పద్ధతిలో రంగుల సంకేతం సుమారు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 3.58 దగ్గర ఉంటుంది. టీవీ ఒకదాని కోసం వెతుకుతుంటే యంత్రం మరొకటి పంపినప్పుడు బొమ్మ నలుపు తెలుపుల్లోనే ఉండిపోతుంది. సెట్టింగుల్లో కలర్ సిస్టమ్‌ను ‘ఆటో’లో వదలకుండా ఒక్కొక్కటిగా మార్చి చూడాలి.

టీవీకి ఏవీ రంధ్రమే లేనివారు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళితే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. అయితే అక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి: మనకు కావలసింది ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది. చూడడానికి అచ్చం అలాగే ఉండే మరో డబ్బా హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మారుస్తుంది, అది ఎదురు దిశలో పనిచేయదు. డబ్బా మీద ఏ రంధ్రం పక్కన ‘ఇన్’ అని, ఏ రంధ్రం పక్కన ‘అవుట్’ అని రాసి ఉందో చదివాకే డబ్బు చెల్లించాలి. ఆ కన్వర్టర్‌కు విడిగా 5 వోల్టుల కరెంటు కూడా అందించాలి.

యంత్రం అడాప్టర్ పోయి కొత్తది కొనేవారు వోల్టులతోపాటు ధన, రుణ ధ్రువాలు ఏ వైపు ఉన్నాయో చూపే గుర్తును కూడా సరిపోల్చాలి. ఈ తరహా యంత్రాల్లో చాలావాటికి పిన్ను మధ్యభాగం రుణధ్రువం. ఇతర పరికరాల అడాప్టర్లలో ఎక్కువగా దీనికి విరుద్ధంగా ఉంటుంది.

క్యాసెట్ పెడితే తెర మీద పిచ్చిగీతలు, గళ్లు

క్యాసెట్ అంచున ఉండే రాగి పట్టీల మీద మురికి పొర పేరుకోవడమే చాలావరకు దీనికి కారణం. నోటితో ఊదితే లాలాజలపు తేమ పడి ఆ పట్టీలు మరింత పాడవుతాయి. మందుల దుకాణంలో గాని, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో గాని దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్లను ముంచి పట్టీలను తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి.

బటన్ నొక్కిన తర్వాత ఆటలోని బొమ్మ ఆలస్యంగా దూకుతోంది

పిల్లలు వెంటనే గ్రహించే లోపం ఇది. పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత డబ్బా టీవీ బొమ్మను అడ్డగీతలుగా, సంకేతం వచ్చిన క్షణంలోనే గీస్తుంది. కొత్త టీవీ ఒక ఫ్రేమంతా పోగుచేసుకుని, పెద్దది చేసి, మెరుగుదిద్ది, ఆ తర్వాతే చూపుతుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము వ్యవధి 17 మిల్లీసెకన్ల కంటే తక్కువ కాబట్టి, ఐదారు ఫ్రేములు ఆలస్యమైతే గుంత దాటడం కష్టమే. ఈ మెరుగుదిద్దే పనులను తగ్గించే ‘గేమ్ మోడ్’ పెట్టాలి. కొన్ని టీవీలు దీన్ని ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా గుర్తుంచుకుంటాయి గనుక, ఆట ఆడే ఇన్‌పుట్‌లో ఉండగానే మార్చాలి.

ఇక్కడే మరో ఫిర్యాదు వస్తుంది: శత్రువులు ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయని. దీనికి ఏ మరమ్మతూ అవసరం లేదు. ఫామికామ్ ఒక అడ్డగీత మీద 8 కదిలే బొమ్మలను మాత్రమే గీయగలదు. తొమ్మిదోది వస్తే ఒకటి మాయం కావాలి. మాయమయ్యే వంతు ఎప్పుడూ ఒకే బొమ్మకు పడకుండా ఆట రాసినవారు వంతులు మార్చుతూ పోయారు. అంత ఇరుకులో అంత తెలివిగా పనిచేసిన ఆ ఇంజనీర్ల గురించి పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదని నా నమ్మకం.

తుపాకీ గురి పెట్టి కాల్చినా బాతు పడడం లేదు

అన్నింటిలోకీ పిల్లలను ఎక్కువగా నిరాశపరిచేది, అన్నింటిలోకీ అందమైన కారణం ఉన్నది ఇదే. 1984 నాటి ‘డక్ హంట్’ ఆటలో వాడే బొమ్మ తుపాకీ నుంచి తెర వైపు ఏదీ వెళ్లదు. తుపాకీ లోపల కాంతిని గుర్తించే చిన్న భాగం ఒకటి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను ఒక ఫ్రేము పాటు పూర్తిగా నల్లగా చేసి, మరుసటి ఫ్రేములో బాతు ఉన్నచోట తెల్లటి గడిని చూపుతుంది. చీకటి తర్వాత సరిగ్గా ఆ ఘడియలోనే తుపాకీకి వెలుగు కనిపిస్తే గురి తగిలినట్టు. రెండు బాతులుంటే గడులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వెలుగు ఎప్పుడు కనిపించిందనే దాన్నిబట్టి ఏ బాతుకు తగిలిందో యంత్రానికి తెలుస్తుంది.

కొత్త టీవీలో ఆ తెల్ల గడి కొన్ని ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి ఆట తీర్పు చెప్పేసి ఉంటుంది. పైగా గదిలోని బల్బును చూసి మోసపోకుండా ఉండేందుకు ఆ తుపాకీని పిక్చర్ ట్యూబ్ గీతలు మారే వేగానికి, అంటే సుమారు 15 కిలోహెర్ట్జ్‌కు, స్పందించేలా తయారుచేశారు. ఎల్‌సీడీ వెలుగులో ఆ లయ ఉండదు. బ్రైట్‌నెస్ పెంచడం, దగ్గరికి జరగడం, గేమ్ మోడ్ పెట్టడం, ఇవేవీ ఉపకరించవు.

పరిష్కారం డబ్బా టీవీయే. ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత ఎలక్ట్రానిక్ సామాను దొరుకుతుంది. బంధువుల ఇళ్లలో అడిగితే ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడ పనిచేస్తోందో లేదో కరెంటు పెట్టి చూసుకోవచ్చు. ‘100 హెర్ట్జ్’ అని రాసి ఉన్న డబ్బా టీవీలు మాత్రం వద్దు. అవి కూడా బొమ్మను ముందు నిల్వచేసుకునే చూపుతాయి. టీవీ వెనుక మూతను ఇంట్లో ఎవరూ విప్పకూడదు. పిక్చర్ ట్యూబ్‌కు 20 వేల వోల్టులకు పైగా విద్యుత్తు అందుతుంది, ప్లగ్ తీసిన తర్వాత కూడా అది కొంతకాలం నిలిచి ఉంటుంది. మూలల్లో ఊదా, ఆకుపచ్చ మరకలు కనిపిస్తే ట్యూబ్‌కు అయస్కాంతత్వం పట్టిందన్నమాట; సమీపంలోని స్పీకర్‌ను దూరం జరిపి, టీవీని మెయిన్ స్విచ్ దగ్గర ఆపి, అరగంట తర్వాత మళ్లీ వేయాలి. వేసిన క్షణంలో వినిపించే చిన్న ‘ధమ్’ శబ్దం ట్యూబ్ చుట్టూ ఉన్న తీగచుట్ట ఆ అయస్కాంతత్వాన్ని తొలగిస్తున్నప్పుడు వచ్చేదే. ఒకసారికి మరకలు పోకపోతే అంతే వ్యవధి ఇచ్చి మరోసారి చేయాలి.