టిష్యూకల్చర్ అరటి మొక్కల ఎగుమతికి గ్రాంటు అడగడం ఎలా?

2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్ల అరటిపండ్లు రైలులో ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు చేరిన నాటి నుంచి అనంతపురం, కడప జిల్లాల్లో ఎగుమతి అంటే పండేనన్న అభిప్రాయం స్థిరపడింది. ఆ పండ్లకు మూలమైన జీ-9 (గ్రాండ్ నైన్) రకం టిష్యూకల్చర్ మొక్క కూడా ఎగుమతి సరుకే. 2020-21లో మన దేశం నుంచి సుమారు 1.7 కోట్ల డాలర్ల విలువైన టిష్యూకల్చర్ మొక్కలు విదేశాలకు వెళ్లగా, అందులో దాదాపు సగం నెదర్లాండ్సే కొనుగోలు చేసింది. పులివెందుల, తాడిపత్రి ప్రాంతాల్లో ల్యాబులు, హార్డెనింగ్ నర్సరీలు (ల్యాబ్ మొక్కలను బయటి వాతావరణానికి అలవాటు చేసేవి) నడుపుతున్నవారు ఈ వ్యాపారానికి గ్రాంటు కోరదలచుకుంటే, దరఖాస్తు ఫారం నింపడానికి చాలా ముందే పని మొదలుపెట్టాలి.

మొదట మీ సరుకు చట్టం దృష్టిలో ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవాలి. టిష్యూకల్చర్ మొక్క జన్యుమార్పిడి మొక్క కాదు. తల్లిమొక్క కణజాలాన్ని సూక్ష్మజీవులు లేని పోషక మాధ్యమంలో పెంచి, అదే గుణాలున్న పిల్లమొక్కలను తీసే పద్ధతి మాత్రమే. ‘బయోటెక్నాలజీ’ అన్న ఒక్క మాట చూసి అవతలి దేశపు అధికారి అనుమానపడే అవకాశం ఉంది కనుక, ఈ తేడాను దరఖాస్తు మొదటి పేజీలోనే స్పష్టంగా రాయడం మంచిది. నంద్యాల ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి చేసేవారు జన్యుమార్పిడి చేసిన బీటీ విత్తనం పంపదలచుకుంటే దారి పూర్తిగా వేరు. 1989 నాటి నిబంధనల ప్రకారం వారు కేంద్ర పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ అనుమతి పొందాలి. పైగా, జన్యుమార్పిడి జీవుల రవాణాపై కుదిరిన అంతర్జాతీయ కార్టజీనా ఒప్పందంలో ఉన్న దేశానికి తొలిసారి పంపే విత్తనంపై నిర్ణయం చెప్పడానికి ఆ దేశానికి 270 రోజుల దాకా గడువు ఉంటుంది. ఏడాది కాలానికి ఇచ్చే సాయాన్ని నమ్ముకుని ఆ పనికి దిగడం నా దృష్టిలో సాహసమే.

తరువాత కొనుగోలుదారు దేశం ఏమి అడుగుతుందో లిఖితపూర్వకంగా తెప్పించుకోవాలి. చాలామంది ముందు యంత్రాల జాబితా తయారుచేసి, ఆ తరువాత కొనేవారికోసం వెతుకుతారు. గ్రాంటు మంజూరు చేసేవారు మాత్రం వెనుక నుంచి ముందుకు, అంటే ముందు కొనుగోలుదారును, ఆ తరువాతే యంత్రాలను చూస్తారు. మొక్క వేరుకు మట్టి ఉండకూడదనీ, ఫలానా వైరస్ పరీక్షలు జరగాలనీ కొనుగోలుదారు లేఖలో ఉంటే, మీరు కోరే ప్రతి పరికరానికీ అందులోనే కారణం దొరుకుతుంది. మన దగ్గర దీనికి ఆధారం కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో ప్రారంభించిన జాతీయ టిష్యూకల్చర్ మొక్కల ధ్రువీకరణ విధానం. దాని కింద ముందు ల్యాబ్‌కు గుర్తింపు రావాలి. ఆపైన గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో వెర్రితల వైరస్, కుకుంబర్ మొజాయిక్ వైరస్, బ్రాక్ట్ మొజాయిక్ వైరస్, స్ట్రీక్ వైరస్ లేవని తేలాలి. తల్లిమొక్క గుణాలు మారలేదని జన్యు పరీక్షలోనూ రుజువు కావాలి. పనామా ఎండు తెగులు భయంతో అనేక దేశాలు పిలకలను దగ్గరికి రానివ్వని ఈ రోజుల్లో, ఈ ధ్రువపత్రమే మీ దరఖాస్తుకు అన్నిటికంటే బలమైన కాగితం. రవాణా సమయంలో మొక్కల క్వారంటైన్ అధికారి ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కలకు చీడపీడలు లేవన్న ధ్రువపత్రం) దీనికి అదనం.

ఏ తలుపు తట్టాలన్నది ఆ తరువాతి ప్రశ్న. ఎగుమతికి తగినట్టు ల్యాబ్‌ను మెరుగుపరచుకోవడానికీ, నాణ్యత, మార్కెట్ అభివృద్ధి పనులకూ ఎపెడా (కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల అభివృద్ధి సంస్థ) ఆర్థిక సహాయ పథకం ఉంది. అందుకు ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారు కోడ్) నంబరు, ఎపెడా నమోదు పత్రం ముందుగానే ఉండాలి. బయోటెక్ పరిశ్రమకు తోడ్పడే కేంద్ర సంస్థ బైరాక్ వారి ‘బిగ్’ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు వస్తుంది గానీ, అది కొత్త ఆలోచన పనిచేస్తుందని రుజువు చేయడానికే తప్ప సరుకు పంపడానికి కాదు. జాతీయ ఉద్యాన మండలి 2021లో ప్రయోగాత్మకంగా చేపట్టిన క్లస్టర్ పథకంలో అరటికి అనంతపురాన్ని ఎంచుకున్నారు కనుక, ఆ సంగతి మీ ప్రతిపాదనలో తప్పక ప్రస్తావించాలి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి గ్రాంటు కాదు. 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ మాత్రమే.

బడ్జెట్ రాసేటప్పుడు సాయంలో ఎక్కువ భాగం ఖర్చు చేశాకే తిరిగి వస్తుందని గుర్తుంచుకోవాలి. కాబట్టి మీ వాటా సొమ్మునే కాక, బిల్లు తిరిగి వచ్చేవరకు నడిపే పెట్టుబడిని కూడా చూపాలి. సూత్రప్రాయ ఆమోదం చేతికి రాకముందే పరికరం కొంటే ఆ ఖర్చు లెక్కలోకి రాకపోవచ్చు. ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) తగ్గింపు ధరకు దొరికిందని తొందరపడకండి. కొటేషన్లు, జీఎస్టీ బిల్లులు, బ్యాంకు చెల్లింపుల రుజువులు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం ఒకే ఫైలులో తేదీల వరుసన పెట్టుకుంటే, అధికారులు తనిఖీకి వచ్చిన రోజున ప్రతి పరికరాన్నీ దాని బిల్లుతో సరిచూపడం సులువవుతుంది.